దఫ్తరాల దారి – 7: దేవిడీ గడప దాటిన దస్తావేజులు

మొగలాయి సైన్యంలో కొలువు దొరకాలంటే ముందు మనిషి ముఖం కాగితం మీదికి ఎక్కాలి. పేరు, తండ్రి పేరు, ఊరు రాసుకున్నాక గుమాస్తా ఎదుట నిలబడ్డవాణ్ణి తేరిపార చూసి ఒక్కొక్కటే నమోదు చేస్తాడు. ఒంటి చాయ ఏమిటి, నుదురు విశాలమా ఇరుకా, కనుబొమలు కలిశాయా విడిగా ఉన్నాయా, కళ్ళు ఎలా ఉన్నాయి, గడ్డం పెంచాడా, మశూచి మచ్చలున్నాయా, పుట్టుమచ్చ ఎక్కడ, కత్తిగాటు ఎక్కడ. తర్వాత గుర్రం వంతు. దాని వన్నె, దాని ఒంటి మీద వేసిన వాత. ఈ కాగితాన్ని ‘అర్జ్‌-ఓ-చెహ్రా’ అంటారు. మున్నూట యాభై ఏళ్ళ కిందట దక్కనులో జీతానికి నిలబడ్డ మామూలు సిపాయి, ఏ చరిత్ర పుస్తకంలోనూ పేరు లేనివాడు, చెంప మీది గాటుతో సహా ఈ రోజు మన ముందుకు రాగలుగుతున్నాడంటే ఈ కాగితం వల్లే.

ఇంత తంతూ మోసాన్ని అరికట్టడానికి. ఐదువందల గుర్రాలకు జీతం పుచ్చుకునే మన్సబుదారు రెండువందలే మేపి, తనిఖీ రోజున పక్కవాడి గుర్రాలను అరువు తెచ్చి నిలబెట్టేవాడు. గుర్రానికి వాత, మనిషికి చెహ్రా ఉంటే ఆ ఆట సాగదు. ఖిల్జీల కాలం నుంచీ ఉన్న పద్ధతే ఇది. అక్బరు దాన్ని గట్టిగా అమలు చేశాడు. షాజహాను, ఔరంగజేబుల నాటికి దక్కను సుబాల్లో ప్రతి లావాదేవీకీ ఒక కాగితం పుట్టేది. జీతం ముట్టినందుకు రసీదు, ఉత్తర్వు వెలువడినందుకు యాద్‌దాస్తు, దర్బారులో ఆ రోజు జరిగినదానికి సియాహా, దూరపు తాణాల నుంచి వచ్చే కబుర్లకు వాకయా.

ఆ కాగితాల్లో ఎక్కువ భాగం నేడు ఢిల్లీలో లేదు, ఆగ్రాలో లేదు. ఢిల్లీలో ఉన్న చక్రవర్తుల దఫ్తరం నాదిర్షా దండయాత్రకు, ఆ తర్వాతి దోపిడీలకు, 1857 విధ్వంసానికి దాదాపు పూర్తిగా నాశనమైంది. మొగలుల పరిపాలన రోజువారీగా ఎలా నడిచిందో అసలు కాగితాల్లో చూడాలనుకునేవాళ్ళు హైదరాబాదు తార్నాకకు రావాలి. అక్కడి రాష్ట్ర ఆర్కైవ్స్‌లో షాజహాను కాలానివి సుమారు ఐదు వేలు, ఔరంగజేబు కాలానివి సుమారు లక్షన్నర పత్రాలున్నాయి. ఆ భవనంలోని అన్నిటికన్నా పాత పత్రం 1406 నాటిది, బహమనీ సుల్తాను ఫిరోజ్ షా కాలంనాటిది.

దక్కనులోనే ఇవి ఎందుకు మిగిలాయంటే, ఔరంగజేబు ఇక్కడే మిగిలిపోయాడు కనుక. 1680ల మొదట్లో దక్కనుకు వచ్చిన చక్రవర్తి 1707లో అహ్మద్‌నగర్ దగ్గర కన్నుమూసే దాకా ఉత్తరానికి తిరిగి వెళ్ళలేదు. గోల్కొండ 1687లో పడిపోయింది. పాతికేళ్ళ పాటు సామ్రాజ్యం గుడారాల్లో నడిచింది, గుడారాల వెంట గుమాస్తాలు నడిచారు. కాగితాలు ఔరంగాబాదులో పోగుపడ్డాయి. 1724 తర్వాత మొదటి నిజాము అదే దఫ్తరాన్ని, అదే గుమాస్తాలను, అదే లెక్క పద్ధతిని చేతిలోకి తీసుకున్నాడు. 1760ల్లో నిజాం అలీఖాన్ రాజధానిని హైదరాబాదుకు మార్చినప్పుడు పాలన ఇటు వచ్చింది కాని, పాత కాగితాల్లో పెద్ద భాగం ఔరంగాబాదు కోటలోనే, కిలా ఆర్క్‌లో, ఉండిపోయింది.

ఈ ధారావాహికలో ఇంతదాకా రాజుల శాసనాలు, గుడుల తామ్రపత్రాలు, కుంపిణీ కొఠీల పుస్తకాలు చూశాం. ఈసారి నేను పట్టుకున్న ప్రశ్న ఒకటే: సర్కారు కాగితం సర్కారు దగ్గరికి ఎప్పుడు వచ్చింది? అడగడానికి వింతగా ఉంటుంది. సర్కారు కాగితం సర్కారు దగ్గర కాక ఇంకెక్కడ ఉంటుంది అనిపిస్తుంది. కాని మన నేల మీద చాలా శతాబ్దాల పాటు అది ఎవరో ఒకరి ఇంట్లో ఉండేది.

గత సంచికలో గ్రామచరిత్రలు సేకరింపజేసిన కుంపిణీ అధికారి మెకంజీ మనుషుల వెంట ఊళ్ళు తిరిగాం. ఏలూరు నుంచి వెళ్ళిన కావలి వెంకట బొర్రయ్య, అతని తమ్ముడు లక్ష్మయ్య, వాళ్ళ సహాయకులు ఊరి చరిత్ర కావలసి వచ్చినప్పుడు మొదట ఎవరి గడప తొక్కేవారో గుర్తుంది కదా. కరణం గడప. కవిలె ఆయన ఇంట్లో అటక మీద ఉంటుంది. తాటాకుల మీద గంటంతో రాసిన ఊరి లెక్క, ఎవరి చేను ఎంత, గుడి మాన్యం ఎంత, చెరువు కింద పారకం ఎంత, ఏ దొర కాలంలో శిస్తు ఎలా మారింది, అంతా అందులోనే. నేడు మనం కైఫియత్తులని పిలుచుకునే గ్రామచరిత్రలు ఎన్నో ఆ కవిలెల్లోంచి ఎత్తి రాసినవే.

కరణీకం మిరాశి. తండ్రి నుంచి కొడుక్కి, అన్నదమ్ములుంటే వాటాలుగా సంక్రమించే ఆస్తి. ఉద్యోగం ఆస్తి అయినప్పుడు ఉద్యోగపు కాగితాలూ ఆస్తే అవుతాయి. కుతుబ్షాహీలు పోయి మొగలులొచ్చారు, నిజాములొచ్చారు, ఉత్తర సర్కారుల్లో ఫ్రెంచివాళ్ళొచ్చి వెళ్ళారు, కుంపిణీ వచ్చింది. ఎవరొచ్చినా ఊరి లెక్క కోసం ఆ ఇంటి అరుగు మీదే కూర్చోవలసి వచ్చింది. శాశ్వత పరిష్కారం తెచ్చిన 1802లోనే మద్రాసు ప్రభుత్వం 29వ రెగ్యులేషన్ అనే చట్టాన్ని ప్రత్యేకంగా కరణాల కోసమే చేసిందంటే సర్కారు భయం ఎంతటిదో ఊహించవచ్చు. జమీందారు చేతిలో కరణం కీలుబొమ్మ అయితే కోర్టుకు నిజం చెప్పే కాగితం లోకంలో మరొకటి ఉండదు. అందుకని కరణం ఏ లెక్కలు రాయాలో, ఎవరికి చూపాలో చట్టంలో రాశారు. కవిలెను మాత్రం ఆయన ఇంట్లోంచి కదిలించలేకపోయారు.

హైదరాబాదులో ఇదే ఏర్పాటు రాజ్యం స్థాయిలో ఉండేది. నిజాము రాజ్యపు మాలు లెక్కలు, జాగీర్ల సనదులు, మన్సబుల నియామకాలు, ఇనాముల వివరాలు రెండు దఫ్తరాల్లో నమోదయ్యేవి. ఒకటి దఫ్తరె దివానీ, రెండోది దఫ్తరె మాల్. స్థూలంగా చెప్పాలంటే పడమటి మరాఠీ జిల్లాలు మొదటిదాని కిందకి, తూర్పున మన తెలంగాణ జిల్లాలు రెండోదాని కిందకి వచ్చేవి. దఫ్తరె దివానీ రాయరాయాన్ బిరుదున్న మహారాష్ట్ర బ్రాహ్మణ కుటుంబం చేతిలో, దఫ్తరె మాల్ మాథుర్ కాయస్థ కుటుంబం చేతిలో వంశపారంపర్యంగా ఉండేవి. ఆ మాల్ దఫ్తరం పేరే వాళ్ళ ఇంటిపేరయింది: మాల్‌వాలా. చార్మినారుకు దగ్గర్లో వాళ్ళ దేవిడీ ఉండేది. చెక్కిన కొయ్య స్తంభాలతో, లోపలి చావళ్ళతో కట్టిన ఆ దేవిడీలో చాలా భాగాన్ని 2000 ప్రాంతంలో పడగొట్టి దుకాణాలు కట్టారు. హైదరాబాదు పోగొట్టుకున్న కట్టడాల్లో నన్ను ఎక్కువ బాధపెట్టేది అదే. నవాబుల మహళ్ళు ఇంకా ఎన్నో మిగిలాయి. రాజ్యం లెక్క నడిపిన ఇళ్ళు ఎన్నని మిగిలాయి?

దఫ్తరుదారు చేతిలో ఉన్న అధికారం ఎంతో నేటివాళ్ళకు అందదు. దివాను ఫలానా జాగీరుకు సనదు ఇమ్మని ఉత్తర్వు చేస్తాడు. ఆ ఊరి రాబడి ఎంత, అది ఇదివరకే ఎవరికైనా ఇచ్చారా, పాత సనదులో షరతులేమిటి అన్నది దఫ్తరుదారు పుస్తకాలు చూస్తేకాని తేలదు. ఆ పుస్తకాలు ఆయన మనుషులే చదవగలరు. షికస్తా అనే గొలుసుకట్టు పారశీ రాత, దానికి తోడు సియాఖ్ అంకెలు. ఈ సియాఖ్‌లో ఒకటి, రెండు అని అంకెలు వెయ్యరు. అరబ్బీ సంఖ్యా పదాలను కుదించి గీతలుగా మార్చి రాస్తారు. చిన్నప్పటి నుంచి తండ్రి పక్కన కూర్చుని నేర్చినవాడికి తప్ప అది బోధపడదు. దివాన్లు మారేవారు. రాజా చందూలాల్ 1806 నుంచి 1843 దాకా చక్రం తిప్పి, రాజ్యాన్ని సాహుకార్ల అప్పుల్లో ముంచి తప్పుకున్నాడు. దఫ్తరుదారులు మాత్రం మారలేదు.

1853 మే నెలలో బెరార్ జిల్లాలు ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయాయి. ఆ వెంటనే, పెద్దతరం అంతా చేతులెత్తేసిన రాజ్యానికి 24 ఏళ్ళ మీర్ తురాబ్ అలీఖాన్ దివాను అయ్యాడు. చరిత్రలో ఆయన మొదటి సాలార్‌జంగ్. తాలూకాలు తాకట్టులో ఉన్నాయి. అరబ్బు జమేదార్లు, రోహిల్లాలు, సాహుకార్లు ఎవరికి వారు వసూళ్ళు చేసుకుంటున్నారు. ఏ ఊరు ఎవరి తాకట్టులో ఉందో తెలియాలన్నా దఫ్తరాలనే అడగాలి.

ఇక్కడ ఆయన చేసిన పని నాకు ఎంతో నచ్చుతుంది. దఫ్తరుదారుల మీదికి సిపాయిలను పంపి పుస్తకాలు ఎత్తుకురాలేదు. పాతదాన్ని అలా ఉండనిచ్చి పక్కనే కొత్త ఆఫీసులు పెట్టుకుంటూ పోయాడు. కమీషను మీద వసూలు చేసే తాలూక్‌దార్ల చోట జీతం మీద పనిచేసేవాళ్ళను నియమించాడు. ఖజానాను, లెక్కలను చూడడానికి వేరే యంత్రాంగం కట్టాడు. 1865 నుంచి జిలాబందీ చేసి రాజ్యాన్ని జిల్లాలుగా విడగొట్టాడు. కొత్త కచేరీలో కొత్త కాగితం పుట్టసాగింది. దివాను దాన్ని చూసే ఉత్తర్వు చేసేవాడు. పాత దఫ్తరాన్ని అడగవలసిన సందర్భాలు ఏటేటా తగ్గిపోయాయి. దఫ్తరుదారుల బిరుదులు, జాగీర్లు, దర్బారులో స్థానం చెక్కుచెదరలేదు, పని మాత్రం జారిపోయింది. చివరికి ఆ పుస్తకాలు ప్రభుత్వానికి చేరేనాటికి అవి ఎవరి పెత్తనానికీ ఆయువుపట్టు కావు. కాబట్టి దాచవలసిన అవసరమూ, చించవలసిన అవసరమూ ఎవరికీ లేకపోయింది. వాటిని చదవగలిగిన గుమాస్తాల కుటుంబాలు కూడా అప్పటికి కొత్త కచేరీల్లోనే కొలువుల్లో ఉన్నాయి. 1883లో సాలార్‌జంగ్ పోయాడు. మరుసటి ఏడు కచేరీ భాష పారశీ నుంచి ఉర్దూకు మారింది. పాత కాగితాలు చదవడానికి ఆ వృద్ధ మున్షీలే దిక్కయ్యారు.

అన్నీ అలా చేరలేదు. ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారంలో ఇనాయత్ జంగ్ సేకరణ అనే పేరుతో లక్షకు పైగా పత్రాలున్నాయి. అవన్నీ దక్కను మొగలాయి దఫ్తరానివే, ఔరంగజేబు కాలం నుంచి పద్దెనిమిదో శతాబ్ది దాకా. ఒక హైదరాబాదీ కుటుంబం దగ్గర తరాల పాటు ఉండి, చివరికి అటు వెళ్ళాయి. సర్కారు కాగితాన్ని సర్కారే ఒక ఇంటి నుంచి సంపాదించుకోవలసి వచ్చిందంటే, నేను చెబుతున్న సంగతికి ఇంతకన్నా రుజువేం కావాలి?

అసలు మొగలాయి కాగితాలను నిజాము సర్కారు అంత భద్రంగా దాచింది చరిత్ర మీది మమకారంతో కాదు. ఇనాముల కోసం దాచింది. ఔరంగజేబు ఇచ్చాడంటూ ఒక దర్గా ముతవల్లీ వస్తాడు. నిజాం అలీఖాన్ ఇచ్చాడంటూ ఒక అగ్రహారీకుడు వస్తాడు. చేతిలో ఫర్మానా ఉంటుంది. అది అసలుదా, నకిలీదా? దఫ్తరంలో దాని నమోదు ఉంటే అసలుది. లేకపోతే భూమి ఖాల్సా, అంటే సర్కారుది. ఈ విచారణలు చూసే అతియాత్ శాఖకు పాత బస్తాలే సాక్షులు. తేల్చిన హక్కుకు ఇచ్చే పత్రం ముంతఖబ్. 1949లో జాగీర్లు రద్దయినప్పుడు, 1952లో అతియాత్ విచారణ చట్టం వచ్చినప్పుడు మళ్ళీ ఈ బస్తాలే విప్పారు. డబ్బు విలువ ఉన్నంతకాలం కాగితాన్ని ఎవరూ చెత్తలో వెయ్యరు. చరిత్రకారుడు దానివల్ల లాభపడ్డాడు, అంతే.

1916లో ఔరంగాబాదు కిలా ఆర్క్‌లో పడివున్న మొగలాయి పత్రాలను హైదరాబాదు తెచ్చి దఫ్తరె దివానీలో చేర్చారు. రెండు వందల యాభై ఏళ్ళ కట్టలు. ఏ కట్టలో ఏముందో తెలియదు. వాటిని విప్పి, దుమ్ము దులిపి, తేదీల వారీగా వేరు చేసి, పట్టిక రాయడం దశాబ్దాల పని. ఆ శ్రమ ఫలితం లోకానికి కనబడింది 1950లో, ఉస్మానియా చరిత్ర ఆచార్యుడు యూసుఫ్ హుస్సేన్ ఖాన్ షాజహాను కాలపు పత్రాల సంపుటిని అచ్చు వేయించినప్పుడు. తర్వాత రాష్ట్రపతి అయిన జాకిర్ హుస్సేన్‌కు ఈయన సోదరుడు. 1953లో దక్కను వాకయాలు, 1958లో ఔరంగజేబు కాలపు పత్రాలు వచ్చాయి. రాజ్యం కూలి, రజాకార్ల గొడవ ముగిసి, పోలీసు చర్య జరిగి, రాష్ట్రాలు విడిపోయి కలుస్తున్న ఆ పదేళ్ళలో ఒక గదిలో కొందరు ఆ పని ఆపకుండా చేశారు. మన చదువుల్లో వాళ్ళ ప్రస్తావన ఎక్కడా రాదు. రావాలి.

కాగితం సంగతి ఒకటి చెప్పాలి. ఔరంగజేబు కాలపు పత్రం ఇవాళ్టికీ మడత విప్పితే విరగదు. దౌలతాబాదు పక్కన కాగజీపురాలో, అలాంటి మరికొన్ని ఊళ్ళలో గుడ్డపీలికలు, నార నానబెట్టి దంచి చేత్తో ఎత్తిన కాగితం అది. పిండితో గంజి పెట్టి, నున్నని రాయితో రుద్ది మెరుగుపెట్టేవారు. సిరా దీపపు మసితో చేసింది. వెలవదు, కాగితాన్ని తినదు. నీళ్ళు తగిలితే మాత్రం కరిగిపోతుంది. దానికి శత్రువులు చెమ్మ, చెదలు, కట్టను ఈ కొస నుంచి ఆ కొసకు తొలుచుకుపోయే పురుగు. తర్వాత మిల్లు కాగితం వచ్చింది. కలపగుజ్జుతో చేసి, పటిక కలిపిన ఆ కాగితంలో ఆమ్లం పుట్టుకతోనే ఉంటుంది. బయట ఏ పురుగూ ముట్టకపోయినా తనంత తానే పచ్చబడి, పెళుసెక్కి, వేలు తగిలితే అప్పడంలా విరుగుతుంది. 1954–55 ఖాస్రా పహాణీ తెలంగాణ రైతుకు ప్రాణం. దాన్ని చూపించనిదే ఎన్నో భూతగాదాలు తెమలవు. ఆ పహాణీ పుస్తకాలు దానికి మూడువందల ఏళ్ళు పెద్దవైన చెహ్రా పత్రాల కన్నా పాడైన స్థితిలో ఉంటాయి. కాపాడవలసిన వరసలో పాతవి ముందు అనుకోవడం పొరపాటు, పెళుసువి ముందు.

తార్నాకలో చేసే మరమ్మత్తు ఓపిక పని. కాగితాన్ని శుభ్రం చేసి, ఆమ్లం తీసేసి, పలుచని టిష్యూను రెండువైపులా అతికించి ఆరబెట్టాలి. ఇటీవల ఇరాన్ వారి నూర్ మైక్రోఫిల్మ్ కేంద్రంతో ఒప్పందం కుదిరి మరమ్మత్తు, డిజిటల్ నకళ్ళ పని ఊపందుకుంది. పత్రాల్లో అత్యధికం పారశీ, ఉర్దూ. స్కానరు ప్రతి గీతనూ పట్టుకుంటుంది. షికస్తా చదివే మనిషిని, సియాఖ్ అంకెలు కూడే మనిషిని తయారు చెయ్యడానికి పదేళ్ళు పడుతుంది. ఆ పదేళ్ళకు జీతమిచ్చే పథకం వచ్చిన రోజున నేను ఎంతో సంతోషిస్తాను.

మళ్ళీ ఊళ్ళోకి వద్దాం. రాజధానిలో దేవిడీ గడప దాటిన కాగితం ఊళ్ళో ఇంకో నూరేళ్ళు కరణం, పట్వారీ ఇళ్ళల్లోనే ఉంది. తాటాకు పోయి కాగితం వచ్చింది, కవిలె పోయి కోస్తాలో అడంగల్, తెలంగాణలో పహాణీ, సేత్వార్ వచ్చాయి. ఇల్లు మాత్రం అదే. అక్షరం రానివాడి చేను ఒక్క గీతతో మరొకరి పేరుకు మారిపోయేది. నకలు కావాలంటే ముడుపు. తెలంగాణ సాయుధ పోరాటంలో రైతులు గడీల మీద పడ్డప్పుడు ధాన్యపు కొట్లతో పాటు దస్తావేజులు వెతికి తగలబెట్టారు. తమను కట్టేసిన తాడు ఏదో వాళ్ళకు బాగా తెలుసు. ఆ మంటలో ఏమేం పోయాయో అని చరిత్ర రాసేవాడిగా నాకు బాధ ఉంది. ఆ రైతుల స్థానంలో ఉంటే నేనూ అదే చేసేవాణ్ణి.

వంశపారంపర్యం మీద మొదటి దెబ్బ కోర్టు నుంచి వచ్చింది. 1960 చివర గుంటూరు జిల్లా నుంచి వెళ్ళిన ఒక గ్రామోద్యోగం తగాదాలో సుప్రీంకోర్టు, పుట్టుకను బట్టి ఉద్యోగం ఇవ్వడం రాజ్యాంగానికి విరుద్ధమని తేల్చింది. 1895 నాటి మద్రాసు వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టానికి అక్కడితో వెన్ను విరిగింది. ఆచరణలో ఆ కుటుంబాలే చాలాచోట్ల కొనసాగాయి. చివరి దెబ్బ 1984 జనవరి 6న. ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సుతో మునసబు, కరణం, పటేల్, పట్వారీ పదవులను ఒక్క కలంపోటుతో రద్దు చేసింది. మరుసటేడు సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది.

రద్దు న్యాయమే. అందులో నాకు రెండో మాట లేదు. కాని రికార్డు స్వాధీనం? రాత్రికి రాత్రి ఉద్యోగం పోయిన మనిషి ఇంట్లో నూరేళ్ళ కట్టలున్నాయి. ఏమేం ఉన్నాయో ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. ఇచ్చినవి తెచ్చుకున్నారు. ఇవ్వనివాటిని అడగడానికి జాబితా లేదు. కొన్ని అటకల మీదే చెదలు తిన్నాయి, కొన్ని తరవాత తగాదాల్లో బేరానికి వచ్చాయి, కొన్ని తాలూకా కచేరీలో మూలపడ్డాయి. ఇంకోటి కూడా పోయింది. ఫలానా సర్వే నంబరు పక్కన ఎర్రసిరా చుక్క ఎందుకు పెట్టారో, ఒకే పేరున్న ముగ్గురిలో పట్టాదారు ఎవరో, వాగు దారి మార్చిన ఏడు ఏ గట్టు ఎటు జరిగిందో, ఇవి పుస్తకంలో ఉండవు. రాసినవాడు చెప్పాలి. ఆయన్ని కూర్చోబెట్టి అడిగి రాసుకునే పని ఎవరూ పెట్టుకోలేదు. సాలార్‌జంగ్ ముప్పయ్యేళ్ళు తీసుకున్న పనిని మనం ఒక ఆర్డినెన్సుతో ముగించాం.

ముప్పయ్యారేళ్ళ తర్వాత తెలంగాణలో అదే మళ్ళీ జరిగింది. 2020 సెప్టెంబరు 7న గ్రామ రెవెన్యూ అధికారులంతా తమ దగ్గరున్న రికార్డులను ఆ మధ్యాహ్నం మూడు గంటలలోగా అప్పగించాలని ఉత్తర్వు వెళ్ళింది. ఆ నెలలోనే పదవులు రద్దయ్యాయి. అక్టోబరు 29న ధరణి అనే భూరికార్డుల పోర్టల్ మొదలైంది. కొత్త పోర్టల్‌లో పట్టాదారు పేరు ఉంది. సాగులో ఉన్నవాడి పేరు రాసే గడి పోయింది. పహాణీలో తరతరాలుగా ఉన్న గడి అది. కౌలుదారు, సాదాబైనామా (రిజిస్టరు కాని తెల్లకాగితపు ఒప్పందం) మీద కొన్నవాడు తమ ఉనికికి చూపుకునే ఒకే ఒక్క రాత అది. తర్వాత ప్రభుత్వం మారి 2025లో భూభారతి వచ్చింది. చట్టాల మంచిచెడ్డలు వేరే చర్చ. నేను అడిగేది ఆ మధ్యాహ్నం అప్పగించిన కట్టల సంగతి. ఏ ఊరి నుంచి ఏ ఏ సంవత్సరాల పహాణీలు వచ్చాయి, ఏవి రాలేదు, ఎవరిచ్చారు, ఎవరు పుచ్చుకున్నారు అన్న జాబితా ప్రతి మండల కార్యాలయంలోనూ గోడకు అతికించి ఉండాలి. రైతు అడక్కుండానే చదువుకునేలా ఉండాలి. 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షను మొదటి మాటే రికార్డులను పట్టిక వేసి, సూచిక రాసి ఉంచమని. పట్టిక లేని చోట “ఫైలు దొరకడం లేదండీ” అన్న జవాబుకు ఎదురు చెప్పే వీలు పౌరుడికి ఉండదు. అది మినహాయింపు కిందకు రాదని 2013లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది కాని, చెప్పినంత మాత్రాన ఫైలు నడిచిరాదు.

2024 జులై నెలలో మదనపల్లె సబ్‌కలెక్టరు కార్యాలయంలో రాత్రిపూట మంటలు లేచి వేల ఫైళ్ళు కాలాయి. ఆ వార్త చదివినప్పుడు నాకు తట్టిన మొదటి ప్రశ్న, కాలినవేమిటో చెప్పే పుస్తకం వేరే గదిలో ఉందా అని.

ప్రభుత్వ ఫైలు ఆయుర్దాయం నిర్ణయమయ్యేది ఎక్కడనుకుంటున్నారు? మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి మనకు వచ్చిన జిల్లా కార్యాలయ పద్ధతిలో, టోటెన్‌హామ్ అనే ఐసీఎస్ అధికారి పేరుతో గుమాస్తాలు నేటికీ చెప్పుకునే పద్ధతిలో, ఫైలు ముగించిన రోజునే దాని నుదుట రాత రాస్తారు. ఆర్.డిస్ అంటే ఎప్పటికీ ఉంచాలి. డి.డిస్ అంటే పదేళ్ళు. కె.డిస్ మూడేళ్ళు. ఎల్.డిస్ ఒక్క ఏడాది. ఆ అక్షరం వేసేది సెక్షనులోని చిన్న ఉద్యోగి. చెరువు శిఖం ఆక్రమణ మీద ఊరివాళ్ళు పెట్టుకున్న అర్జీకి ఎల్.డిస్ పడితే, పాతికేళ్ళ తర్వాత ఆ చెరువు ఉండేదని చెప్పే సాక్ష్యం మిగలదు. మన కాలపు చరిత్రకు మొదటి సంపాదకుడు ఆ ఉద్యోగే. అతనికి ఈ పని ఎంత పెద్దదో ఎవరైనా ఒక పూట కూర్చోబెట్టి చెప్పారా? రికార్డు గదికి బదిలీ అంటే శిక్ష అనుకునే కార్యాలయాల్లో ఎవరు చెబుతారు?

కేంద్రం 1993లో పబ్లిక్ రికార్డుల చట్టం చేసింది. 1995 మార్చి నుంచి అమల్లో ఉంది. ప్రతి శాఖలో ఒక రికార్డు అధికారి ఉండాలి. అక్రమంగా రికార్డు నాశనం చేస్తే ఐదేళ్ళ దాకా జైలు. 1892కు ముందు పుట్టిన ఏ కాగితాన్నీ, పనికిరానంతగా పాడైపోయిందని అభిలేఖాగారం అధిపతి తేల్చితే తప్ప, నాశనం చెయ్యకూడదు. కలకత్తాలో ఇంపీరియల్ రికార్డు శాఖ 1891లో పుట్టింది. అంటే భద్రపరిచే వ్యవస్థ లేని కాలంలో మిగిలినవన్నీ అదృష్టంతో మిగిలినవే, వాటిని ముట్టొద్దు అని చట్టం భావం. నాకు ఇష్టమైన సెక్షను అది. అయితే ఈ చట్టం కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలకు, కేంద్రపాలిత ప్రాంతాలకు వర్తిస్తుంది. మన పహాణీలు, అడంగళ్ళు, మండల కార్యాలయాల మిసిళ్ళు దాని గొడుగు కింద లేవు. తెలుగు రాష్ట్రాలు రెండూ అలాంటి గట్టి రక్షణను గ్రామ రికార్డు దాకా తేవాలి. పెళుసెక్కిన ఖాస్రా పుస్తకాలకు ఎక్కువ వ్యవధి లేదు.

వచ్చే సంచికలో మద్రాసు వెళదాం. 1909లో ఎగ్మూరులో ప్రత్యేకంగా కట్టిన రికార్డు ఆఫీసు, అక్కడి మసులీపట్నం కొఠీ పుస్తకాలు, వాటిని అచ్చు వేయించిన హెన్రీ డాడ్‌వెల్, 1953లో ఆంధ్ర రాష్ట్రం విడివడి కర్నూలు వచ్చేటప్పుడు తెలుగు జిల్లాల కాగితాల పంపకం ఆ భాగానికి విషయం.